పనులకు పట్టీ గీద్దాం: కొండ ఊళ్ల అనుభవం

2023లో మన సొసైటీ కొండ మీది ఒక ఊరికి ఊటనీటి పథకం తలపెట్టిన సంగతి సభ్యుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. జరిగిన ఆలస్యంలో ఊరివాళ్ల తప్పేమీ లేదు. తప్పు మనది, అందులో నా వంతు ఎక్కువ.

ఆ ఏడు ఏప్రిల్ 22న ఈద్ అయింది. రంజాన్‌లో చందాలు బాగా వచ్చాయి. డబ్బు చేతిలో ఉంది, ఊరివాళ్లు అడుగుతున్నారు, వెంటనే మొదలుపెడదామన్నారు అందరూ. మే చివరి వారంలో మేస్త్రి కొండెక్కాడు. గొట్టాలు జూన్ మూడో వారానికి వచ్చాయి. అప్పటికే వానలు పట్టుకున్నాయి. రోడ్డు ఆగిన చోట, తాటాకు పందిరి కింద దింపిన సిమెంటులో 40 బస్తాలు రాళ్లయిపోయాయి. దాదాపు 14,000 రూపాయలు. తవ్విన కాలువ రెండుసార్లు పూడింది. మేస్త్రి దిగిపోయాడు, తర్వాత ఇంకో పని ఒప్పుకున్నాడు. చివరికి ఆ ఊరి కుళాయిలో నీళ్లు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. ఈలోగా ఆ వానాకాలమంతా ఊరు వాగు నీళ్లే తాగింది. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఇద్దరు పిల్లల్ని డోలీలో మోసుకొచ్చారు. ఇద్దరూ బతికారు, అల్‌హమ్దులిల్లాహ్. వాళ్లలో ఒకడు ఇప్పుడు మా బడిలోనే ఆరో తరగతి.

ఆ ఆరో తరగతి గణితంలోనే కమ్మీ రేఖాచిత్రం అనే పాఠం ఉంటుంది. ఏ ఊళ్లో ఎందరు పిల్లలు, ఏ పండు ఎందరికి ఇష్టం అన్నది నిలువు కమ్మీలుగా గీయిస్తాం. కమ్మీ పొడుగు ఎంతుంటే సంఖ్య అంత. ముప్పై ఏళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. దాన్ని అడ్డంగా తిప్పి, పొడుగుకు సంఖ్య బదులు కాలాన్ని పెడితే మన సొసైటీ పనులకు ఎంత ఉపయోగమో మాత్రం ఆ 40 బస్తాల తర్వాతే నాకు తట్టింది.

అడ్డంగా తిప్పిన ఈ బార్ చార్టునే ఇంజనీర్లు గాంట్ చార్టు అంటారు. హెన్రీ గాంట్ 1861లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పుట్టాడు. ఇంజనీరు కాకముందు, తను చదువుకున్న బడిలోనే కొన్నాళ్లు పంతులుగా పనిచేశాడు. మావాడే అని చెప్పుకోవడానికి నాకు కాస్త సంతోషం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఆయుధాల తయారీకి, ఓడల నిర్మాణానికి ఆయన చార్టులు వాడారు. 1919లో చనిపోయాడు. మూడేళ్ల తర్వాత వాలెస్ క్లార్క్ అనే ఆయన ఆ చార్టు మీదే ఒక పుస్తకం రాయడంతో పేరు లోకమంతా పాకింది. నిజానికి అంతకు ముందే, 1896లో, పోలండ్ ఇంజనీరు కరోల్ అడమియెత్స్కీ ఇలాంటిదే తయారుచేసి హార్మోనోగ్రామ్ అని పేరు పెట్టాడు. ఆయన రాతలు పోలిష్, రష్యన్ భాషల్లో ఉండిపోవడంతో పేరు మాత్రం గాంట్‌కి దక్కింది.

చార్టు రూపం చాలా తేలిక. పైన అడ్డంగా రోజులో, వారాలో, నెలలో రాసుకోవాలి. ఎడమవైపు ఒకదాని కింద ఒకటి పనులు రాసుకోవాలి. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అంత పొడుగు పట్టీ దాని ఎదురుగా గీయాలి. అంతే. గడుల నోటుబుక్కు చాలు, కంప్యూటరు అక్కర్లేదు. కష్టమంతా గీయడానికి ముందు ఉంటుంది.

ఏ పని దేనికోసం ఆగాలి అన్నది మొదటి కష్టం. విశాఖపట్నం నుంచి అరకుకు రైల్లో వచ్చినవాళ్లంతా సొరంగాలు లెక్కపెట్టి ఉంటారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అది. మొత్తం 58 సొరంగాలు. శిమిలిగుడ దగ్గర లైను దాదాపు 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఆ లైనుకు ఒక చార్టు గీస్తున్నామనుకోండి. ఒక సొరంగం ఇంకో సొరంగం కోసం ఆగనక్కర్లేదు, మనుషులుంటే రెండూ ఒకేసారి తవ్వొచ్చు. కాబట్టి వాటి పట్టీలు ఒకదాని కింద ఒకటి, ఒకే నెలల మీద పడతాయి. వంతెనలూ అంతే. పట్టాలు మాత్రం అలా కాదు. ముందున్న సొరంగం తెరుచుకోకపోతే పట్టా ముందుకు పోదు. 57 సొరంగాలు సిద్ధమై ఒక్కటి ఆగినా, ఖనిజం బండి ఆ ఒక్కదాని ముందు ఆగాల్సిందే. మన ఊటనీటి పథకం ఆ లైనులో వెయ్యో వంతు కూడా కాదు కానీ దానిలోనూ సొరంగాల్లాంటి పనులున్నాయి, పట్టాల్లాంటి పనులున్నాయి. 2023లో అన్నిటినీ ఒకే రోజు మొదలుపెట్టేశాం.

ఈ తప్పు ఇంతకు ముందు కూడా ఒకసారి చేశాను. 2019 నవంబరు 14న రాష్ట్రంలో మనబడి నాడు–నేడు మొదలైంది. మొదటి విడతలో 15,715 బడులు. మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, ఫ్యాన్లు, లైట్లు, రంగులు, ప్రహరీ అన్నీ తల్లిదండ్రుల కమిటీ, బడి కలిసి చేయించాలి. రంగులవాళ్లు ఖాళీగా ఉన్నారని ముందు వాళ్లనే పిలిచాను. గోడలు మెరిసిపోతుండగా కరెంటు పనివాళ్లు వచ్చి వైర్ల కోసం గోడలు చెక్కారు. రెండు గదులకు మళ్లీ రంగు వేయించాల్సి వచ్చింది. గడుల కాగితం మీద ఆ రెండు పట్టీలూ ఒకదాని కింద ఒకటి గీసి ఉంటే ఒక్క చూపులో పట్టుకునేవాణ్ణి.

ఇక అసలు సంగతి. 2024లో ఇంకో ఊరికి అదే పథకం అనుకున్నప్పుడు, ముందు చార్టు గీస్తానని కమిటీని అడిగాను.

ఊటనీటి పథకం చూడనివాళ్ల కోసం రెండు మాటలు. తూర్పు కనుమల్లో చాలా ఊళ్లకు పైన ఎక్కడో ఏడాది పొడవునా పారే ఊట ఉంటుంది. ఊట దగ్గర చిన్న కట్టు కట్టి, ఇసుక ఫిల్టరు పెట్టి, గొట్టం ద్వారా ఊళ్లోని ట్యాంకుకు తెస్తే కరెంటూ మోటారూ లేకుండా నీళ్లు వాటంతటవే దిగుతాయి. విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి వంటి సంస్థలు ఈ కొండల్లో ఇలాంటివి చాలా కట్టాయి. ఊట సరిపోతుందో లేదో ఎండాకాలంలోనే చూడాలి. వానాకాలంలో కొలిస్తే ప్రతి ఊటా గంగే. 2024 మే నెలలో కొండెక్కి కొలిచాం. 15 లీటర్ల బకెట్ నిండటానికి 50 సెకన్లు పట్టింది. అంటే గంటకు 1,080 లీటర్లు, రోజుకు దాదాపు 26,000. ఊళ్లో 200 మంది. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి 55 లీటర్లయితే 11,000 చాలు. ఇక కట్టొచ్చు.

చార్టులో నేను మొదట గీసింది పనులను కాదు. మన చేతిలో లేని కాలాన్ని గీశాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. ఆ నెలలు నల్లగా కొట్టేశాను. అక్టోబరు సగం నలుపు, సగం తెలుపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు అరకు కాఫీ తోటల్లో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్లం. అక్టోబరును నమ్మి సిమెంటు కొనం. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు, దాంతోపాటే కాఫీ పళ్ల కోత. ఆ రోజుల్లో ఊరివాళ్లను శ్రమదానానికి పిలిస్తే వాళ్ల నోటి ముందు కూడు లాక్కున్నట్టే. జనవరి మధ్యలో సంక్రాంతి. 2025 మార్చి 2న రంజాన్ మొదలు, అదే నెల 17 నుంచి పదో తరగతి పరీక్షలు. అంటే మన కుర్రాళ్లకూ కుదరదు, నాకూ కుదరదు. ఏప్రిల్‌లో ఇటుకల పండుగ. ఊళ్లో మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారులకు అడ్డంగా నిలబడి వచ్చేపోయేవాళ్లను డబ్బులడుగుతారు. ఆ రోజుల్లో పార పట్టమనడం అమర్యాద. తర్వాత మే, ఆపైన మళ్లీ వాన.

ఇవన్నీ కొట్టేశాక కాగితం మీద మిగిలిన తెల్లటి చోటు ఎంత చిన్నదో చూసి నేనే ఉలిక్కిపడ్డాను. 2023లో మనం పని మొదలుపెట్టిన మే చివరి వారం, ఆ తెల్లటి చోటుకు పూర్తిగా బయట ఉంది.

కారణం కూడా కాగితమే చూపించింది. మనకు డబ్బు వచ్చేది రంజాన్‌లో. ఈ ఏళ్లలో అది మార్చి, ఏప్రిల్. డబ్బు రాగానే పని మొదలుపెడితే సరిగ్గా వాన నోట్లోకి పోతాం. డబ్బు కాలం వేరు, కొండ కాలం వేరు. ఇది చెప్పినప్పుడు కమిటీలో గట్టి వాదనే జరిగింది. మన ఖజాంచీ సాహెబ్ ఊరుకోలేదు. ‘మాస్టారూ, దాతలిచ్చింది అమానత్. అక్టోబరు దాకా బ్యాంకులో పెట్టుకుని కూర్చుంటే వాళ్లకు ఏం జవాబు చెప్పమంటారు?’ అన్నారు. ఆ మాటలో న్యాయముంది. జకాత్ సొమ్ము సంగతి వేరే, అది హక్కుదారులకు జాగు లేకుండా చేరాలి. దాన్ని ఈ పనికి ముట్టుకోలేదు. నేను మాట్లాడింది ఇలాంటి పనుల కోసమని ఇచ్చిన సదఖా సొమ్ము గురించి. దాతలకు చూపించడానికి చార్టు ఉంది కదా అన్నాను. ‘మీ డబ్బు ఈ నెలలో ఈ పట్టీ మీద ఖర్చవుతుంది’ అని వేలు పెట్టి చూపొచ్చు. ఆఖరికి అలాగే చేశారు. చార్టు నకలు దాతలకు వాట్సాప్‌లో పంపారు. అడిగినవాళ్లు ఇద్దరే, వాళ్లూ గొట్టాల సంగతి అడిగారు.

రెండో కష్టం, ఏ పనికి ఎన్ని రోజులు అన్నది. ఇక్కడ నేను నేర్చుకున్నది ఒకటి చెబుతాను. ‘ఎన్ని రోజులు పడుతుంది?’ అని మేస్త్రిని అడిగితే ‘ఎనిమిది రోజులండీ’ అంటాడు. అబద్ధం కాదు. ఇసుక, నీళ్లు, కూలీలు అన్నీ చేతికందితే ఎనిమిదే. ‘కిందటిసారి ఇలాంటి కట్టుకు ఎన్ని రోజులు పట్టింది?’ అని అడిగితే కాసేపు ఆలోచించి ‘పంతొమ్మిది’ అన్నాడు. నేను పంతొమ్మిదే రాసుకున్నాను. సంత రోజు పని జరగదు కాబట్టి వారానికి ఆరు రోజులే లెక్క. శుక్రవారం మన కుర్రాళ్లు జుమాకు దిగితే ఆ రోజు సగమే.

మూడోది, మరిచిపోయిన పనులు. 2023 జాబితాలో కట్టడం, తవ్వడం, పరచడం అన్నీ ఉన్నాయి. మోత లేదు. రోడ్డు ఆగిన చోటి నుంచి ఊరికి మూడు కిలోమీటర్ల కాలిబాట. 60 బస్తాల సిమెంటు అంటే 3 టన్నులు. ఇసుక, కంకర కలిపి 15 టన్నులు. మనిషి 25 కిలోలు మోస్తే 720 మోతలు. ఇరవై మంది రోజుకు మూడు తిరుగుళ్లు తిరిగితే 60 మోతలు. 720ని 60తో భాగిస్తే 12 రోజులు. ఐదో తరగతి లెక్క. ఈ 12 రోజులు మన కాగితం మీద ఎక్కడా లేవు. ఉచితంగా ఎవరో మోసేస్తారని మనసులో అనుకున్నామేమో. ఈసారి మోతకు వేరే పట్టీ గీశాం, కూలి కూడా కట్టాం. ఒకేసారి మోయించకుండా రెండు దఫాలుగా, ఏ కట్టుకు కావలసిన సిమెంటు ఆ కట్టుకు ముందు మాత్రమే తెప్పించాం. మూడు నెలలు నిలవున్న సిమెంటు తడవకపోయినా బలం తగ్గుతుంది.

అనుమతి కూడా ఒక పనే. ఊట అడవి భూమిలో ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ప్రకారం తాగునీటి గొట్టాల వంటి ఊరి అవసరాలకు, గ్రామసభ సిఫారసు ఉంటే, ఒక హెక్టారు లోపు అడవి భూమి వాడుకోవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. మనకు ఒక్క చెట్టూ కొట్టే పని లేదు. అయినా కాగితం బల్ల మీది నుంచి బల్ల మీదికి నడవాలి కదా. దానికి ఆరు వారాల పట్టీ గీశాను.

ఇదంతా వేసి, చార్టును పెద్ద కాగితం మీద ఎక్కించి ఊళ్లో అంగన్‌వాడీ గోడకు అంటించాం. మేస్త్రి దాని ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆయన చదివింది నాలుగో తరగతి. పట్టీలు చదవడానికి అది చాలు. ‘మాస్టారూ, ఊట దగ్గర కట్టూ ట్యాంకూ రెండూ డిసెంబరు ఆఖర్లో పెట్టారు. నేనొక్కణ్ణే కదండీ. ఆ రెండోది ఎవరు కడతారు?’ అన్నాడు.

నాకు మాట రాలేదు. బార్ చార్టులో ఉన్న లోపం అదే. కాలాన్ని చూపుతుంది గానీ మనిషిని చూపదు. ఆ రోజు నుంచి ప్రతి పట్టీ మీదా ఆ పని ఎవరిదో పేరు రాస్తున్నాను. ఒకే పేరు ఒకే వారంలో రెండుచోట్ల కనబడితే ఆ చార్టు తప్పు.

సరే, రెండిటిలో ముందు ఏది? ఊట దగ్గర కట్టుకు అనుమతి కావాలి. ట్యాంకు ఊరి ఉమ్మడి స్థలంలో, దానికి గ్రామసభ తీర్మానం చాలు. పైగా ట్యాంకు కట్టాక మూడు వారాలు తడుపుతూ ఉండాలి. కాబట్టి ట్యాంకును ముందుకు జరిపాం. దిద్దిన చార్టు ఇది. ఒక్కో నెలకు రెండు గడులు, నల్ల గడి అంటే పని ఉన్నట్టు.

అక్టోబరు | నవంబరు | డిసెంబరు | జనవరి | ఫిబ్రవరి

■□ | □□ | □□ | □□ | □□ గ్రామసభ, దారి కొలతలు
□■ | ■■ | □□ | □□ | □□ అనుమతి
□□ | □■ | ■□ | □□ | □□ గొట్టాల ఆర్డరు, రాక
□□ | □■ | □■ | □□ | □□ మోత, రెండు దఫాలు
□□ | □□ | ■■ | □□ | □□ ట్యాంకు కట్టడం
□□ | □□ | □□ | ■■ | □□ ట్యాంకును తడపడం
□□ | □□ | □□ | ■■ | □□ ఊట దగ్గర కట్టు, ఫిల్టరు
□□ | □□ | □□ | □■ | ■□ కాలువ తవ్వి గొట్టం పరచడం
□□ | □□ | □□ | □□ | □■ కుళాయిలు, నీటి పరీక్ష

దీన్ని ఎలా చదవాలో చూడండి. గొట్టాలు డిసెంబరు మధ్యకు వస్తాయి, వాటి అవసరం జనవరి మధ్యలో. అంటే నెల రోజుల వెసులుబాటు ఉంది. లారీ పది రోజులు ఆలస్యమైనా ఎవరి మీదా కేకలేయనక్కర్లేదు. అనుమతికీ అంతే: నవంబరు ఆఖరుకు రావాలనుకున్నాం, కావలసింది జనవరి ఒకటికి. ట్యాంకును తడపడం జనవరి మూడో వారంలో అయిపోతుంది, నీళ్లు నింపేది ఫిబ్రవరిలో. కాలువ, గొట్టం పట్టీని చూడండి. దాని ముందు సంక్రాంతి, దాని వెనకే కుళాయిలు, ఆ వెనకే రంజాన్. దానికి కదలడానికి చోటే లేదు. మన కళ్లూ కాళ్లూ ఉండాల్సింది అక్కడ. కార్యదర్శి సాహెబ్ నెలకు ఒకసారే కొండెక్కగలిగితే, ఆ ఒక్కసారి ఆ పట్టీ మీద ఎక్కాలి.

ఇంకొక మాట. కాలువను ముందే తవ్వి పెట్టుకుందామని కుర్రాళ్లు అన్నారు. వద్దన్నాను. తెరిచి ఉంచిన కాలువలో పశువులు పడతాయి, గట్లు జారతాయి. ఎంత తవ్వితే అంత గొట్టం వేసి అదే వారం పూడ్చేయాలి. ఆ రెండు పనులూ ఒకే పట్టీగా ఉన్నది అందుకే.

జరిగింది కూడా చెప్పాలి. గాంట్ చార్టుల్లో నాకు బాగా నచ్చింది ఇదే: అనుకున్నదీ జరిగిందీ పక్కపక్కనే కనబడతాయి. అనుకున్నది నల్ల సిరాతో గీశాం. జరిగింది దాని కిందే ఎర్ర పెన్సిల్‌తో, ప్రతి ఆదివారం, ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయి గీసింది. ఆ పని నేను చేయలేదు. నేను గీస్తే ఎర్రగీత నల్లగీతకు ఎంతో కొంత దగ్గరగా జరిగేది. మాస్టరు కదా, మార్కులు కలపడం అలవాటు.

అనుమతి కాగితం ఒకచోట మూడు వారాలు కూర్చుంది. చేతికి వచ్చేసరికి డిసెంబరు 21. పాత చార్టు ప్రకారం పోయి ఉంటే మేస్త్రి డిసెంబరులో మూడు వారాలు ఖాళీగా కూర్చునేవాడు, లేదా 2023లోలాగే ఇంకో పని చూసుకుని దిగిపోయేవాడు. ఈసారి ఆ మూడు వారాలూ ట్యాంకు గోడలు లేపుతున్నాడు. ఎర్రగీత నల్లగీతను దాటింది గానీ కింద ఉన్న ఏ పట్టీ కదల్లేదు.

కదిలించింది రాయి. ఊరికి పైన అరవై మీటర్ల మేర కాలువకు బండ తగిలింది. దారి మార్చి, గొట్టాన్ని బండ పక్క నుంచి తిప్పి తెచ్చేసరికి వారం పోయింది. వెసులుబాటు లేని పట్టీ మీదే పోయింది కాబట్టి ఆ వారం సూటిగా చివరికి వచ్చి తగిలింది. ఫిబ్రవరి 28న రావలసిన నీళ్లు మార్చి 5న వచ్చాయి, రంజాన్ నాలుగో రోజున. పనిలో ఉన్న కుర్రాళ్లలో ముగ్గురు ఆ నాలుగు రోజులూ రోజాతోనే గొట్టాలు బిగించారు. ఊరి పెద్దమ్మ ఒకావిడ వాళ్లు నీళ్లు కూడా ముట్టడంలేదని గమనించి, పొద్దు కుంకాక ఉడికించిన చిలగడదుంపలు, బెల్లం పానకం తెచ్చింది. మొదటి ఇఫ్తార్ ఆ ఊరి కుళాయి దగ్గరే జరిగింది. చార్టులో అలాంటిదానికి పట్టీ ఉండదు.

ఈసారి పాడైన సిమెంటు ఒకే ఒక్క బస్తా. అదీ మోసేటప్పుడు వాగులో పడింది.

ఇంకా పెద్ద పనులకు, వందల పనులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నచోట, ఈ బార్ చార్టు చాలదు. అమెరికా నౌకాదళం 1950ల చివర్లో పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే పద్ధతి తయారుచేసుకున్నది అందుకే. మనకు అంత అవసరం రాదు. ఏ పట్టీ ఏ పట్టీ కోసం ఆగుతుందో చిన్న బాణం గుర్తు గీసుకుంటే చాలు. మన వైద్య శిబిరానికీ, బడి పుస్తకాల పంపిణీకీ, కుట్టు శిక్షణకూ ఇదే కాగితం పనికొస్తుంది. పుస్తకాలు ఆగస్టులో పంచుతున్న మన అలవాటును ఒకసారి చార్టు మీద పెట్టి చూడమని విద్యా విభాగం వారికి నా మనవి. బడులు తెరిచేది జూన్‌లో.

చివరిగా వచ్చే పథకం సంగతి. మనం ఏ ఏడు చార్టును ఆ ఏడు కొత్తగా గీయాల్సిందే. వానా, కోతలూ ఉన్నచోటే ఉంటాయి; రంజాన్ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 2026లో అది ఫిబ్రవరి మూడో వారం, 2027లో ఫిబ్రవరి రెండో వారం. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు ఆఖర్లో మళ్లీ ఒకసారి వస్తుంది. అంటే మన తెల్లటి చోటు కుడివైపు నుంచి ఏటేటా తరుగుతోంది. 2026 అక్టోబరులో మొదలుపెట్టే పని జనవరి నెలాఖరుకే ముగియాలి. కోతల రోజులు తీసేస్తే అది చాలదు. కాబట్టి గ్రామసభ, అనుమతి పట్టీలను వానాకాలంలోకి, ఆగస్టుకు జరపాలని నా ఆలోచన. కాగితానికి వాన అడ్డు కాదు. మేస్త్రితోనూ మాట్లాడాను, రెండో మేస్త్రిని తనే చూస్తానన్నాడు.

ఊరు అనుకున్నాం, ఊట ఇంకా కొలవలేదు. చార్టులో మొదటి పట్టీ అదే, ఏప్రిల్ నెలాఖరు నుంచి మే రెండో వారం దాకా. ఆ పట్టీ మీద ప్రస్తుతానికి నా పేరొక్కటే ఉంది. ఎక్కడానికి రెండు గంటలు పడుతుంది, నా మోకాళ్ల లెక్కన మూడు. బకెట్, సెకన్ల ముల్లున్న గడియారం పట్టుకుని నాతో రాగలిగినవాళ్లు ఇద్దరు కావాలి. పేర్లు మార్చిలోగా కార్యదర్శి సాహెబ్‌కు ఇవ్వండి.